ఆ పిల్లకు పని దెలుసు

1986లో మా హన్మకొండలో నటి అర్చనను రెండు రకాలుగా గుర్తుపట్టేవాళ్లు. మగపిల్లలకు ఆమె వంశీ తీసిన 'లేడీస్ టైలర్'లో సుజాత టీచర్. రాజేంద్రప్రసాద్ అల్లరి, ఊరంతా చేసే హంగామా, ఆ మధ్యలో నెమ్మదిగా నడిచే ఒక టీచరమ్మ. మా వాడకట్టు ఆడవాళ్లకు మాత్రం ఆమె 'నిరీక్షణ'లోని తులసి. బాలు మహేంద్ర తీసిన ఆ సినిమాలో కొండపిల్ల వేషంలో రవిక లేకుండా చీర చుట్టుకుందని గడపల మీద కూర్చుని చాలా రోజులు చెప్పుకున్నారు. "గదేం వేషమే తల్లీ" అని బుగ్గలు నొక్కుకున్నవాళ్లే, రేడియోలో ఆ సినిమా పాటలు వస్తే బియ్యం ఏరడం ఆపి వినేవాళ్లు. ఇళయరాజా అంటే అంతే మరి.

నేను అప్పుడు ఇంటర్. నా రంగు చామనచాయ కంటే ఇంకో మెట్టు కింద. ఇంట్లో ఎవరూ ఏమీ అనకపోయినా చుట్టాలు వచ్చినప్పుడు శనగపిండి, పసుపు, మీగడ గురించి సలహాలు మొదలయ్యేవి. అలాంటి నాకు తెర మీద నా రంగు మనిషి కనిపించింది. చెలికత్తెగానో పనిమనిషిగానో కాదు, హీరోయిన్‌గా. పైగా ముఖానికి తెల్లగా పౌడరు అద్దలేదు. బాలు మహేంద్ర స్వయంగా కెమెరా పట్టే మనిషి. కిటికీలోంచి వచ్చే వెలుతురు చాలు అనుకునేవాడు. ఆ వెలుతురులో నల్లటి చర్మం ఎంత బాగుంటుందో నాకు ఎవరూ చెప్పలేదు, నేనే చూసుకున్నా. ఆమె అసలు పేరు సుధ అనీ, తెలుగమ్మాయేననీ ఏదో సినిమా పత్రికలో చదివి, ఆ పేజీని నోట్సులో దాచుకున్నా.

మా ఇంట్లో టీవీ లేదు. ఎదురింట్లో పోస్టాఫీసు సార్ వాళ్లకు ఉండేది, నలుపు తెలుపు డబ్బా. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు దూరదర్శన్‌లో ప్రాంతీయ భాషల సినిమా వచ్చేది. ఒకవారం బెంగాలీ, ఒకవారం కన్నడం, ఎప్పుడో ఒకసారి మన వంతు. వాటికి పిల్లలు పెట్టిన పేరు 'అవార్డు సినిమా'. అంటే ఎవరూ మాట్లాడరు, ఫైటింగు ఉండదు, ఎసరు పొయ్యి మీద పెడితే మరిగేదాకా కెమెరా కదలదు. టైటిళ్లు పడగానే పిల్లలందరూ బయటికి ఉరికేవాళ్లు. గదిలో మిగిలేది భోజనం చేసి కునికే పెద్దవాళ్లు, నేను.

'వీడు' అలాగే చూశాను. తమిళ సినిమా, తమిళంలో వీడు అంటే ఇల్లు. మద్రాసులో గుమాస్తా స్థాయి జీతం తీసుకునే ఒక అమ్మాయి సొంతిల్లు కట్టుకోవాలని బయలుదేరుతుంది, అదే కథ. 'నిరీక్షణ'లో జంటగా చేసిన భానుచందరే ఇందులోనూ ఉన్నాడు. తాతగా చొక్కలింగ భాగవతార్ అనే పెద్దాయన. ఆయన్ను చూస్తే నటుడని నమ్మబుద్ధి కాదు. పాటలు లేవు. కింద ఇంగ్లీషులో వచ్చే మాటలు నేను చదివి అందరికీ చెప్పాలి, ఒక్కోసారి చదివేలోపు మాయమయ్యేవి.

ఆ సినిమా మా బాపును కూర్చోబెట్టింది. ఆయన సినిమాలు చూసే మనిషి కాదు. కానీ అప్పుడే వడ్డేపల్లి దిక్కు కొన్న జాగాలో మా ఇల్లు స్లాబు దగ్గర ఆగిపోయి ఉంది. తెర మీద సిమెంటు బస్తాలు కనిపించేసరికి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. పని చూసుకోవాల్సినవాడే సిమెంటు పక్కదారి పట్టించడం, దాన్ని అక్కడ తట్టలు మోసే కూలీ మనిషి బయటపెట్టడం చూసి "మనోడు గూడ గిదే జేసిండు" అన్నాడు. మనోడంటే మా మేస్త్రీ. తర్వాత వారమంతా ఇంట్లో ఆ సినిమా గురించే మాట్లాడుకున్నాం, అయితే నటన గురించి కాదు, ఇసుక ధర గురించి. దానికంటే పెద్ద మెప్పు ఏముంటుందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆఫీసులో అప్పు కోసం అర్జీ పెట్టుకునేటప్పుడు ఆ అమ్మాయి ముఖం చూసి ఏ ఒక్కరికీ ఇది నటన అని తోచలేదు. 35వ జాతీయ అవార్డుల్లో ఆమెకు ఉత్తమ నటి వచ్చింది దీనికే. సినిమాలో ఆ అమ్మాయి పేరు కూడా సుధే.

ఆ మరుసటి ఏడాదే మళ్లీ ఉత్తమ నటి అవార్డు ఆమెకే. ఈసారి తెలుగు సినిమాకు, అదీ మన తెలంగాణ కథకు. బి.నర్సింగరావు తీసిన 'దాసి'. 36వ జాతీయ అవార్డుల్లో ఆ ఒక్క సినిమాకు ఐదు వచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటి, ఛాయాగ్రహణం చేసిన ఎ.కె.బీర్‌కు, కళా దర్శకత్వం చేసిన తోట వైకుంఠానికి, దుస్తులు తయారుచేసిన సుదర్శన్‌కు. సుదర్శన్ ఆ తర్వాత 'దాసి సుదర్శన్'గానే అందరికీ తెలిశాడు. పేపర్లో ఈ వార్త చదివినప్పుడు నాకు డిగ్రీ నడుస్తోంది. మా సినిమా హాళ్లలో ఎక్కడ ఆడుతుందా అని గోడల మీద పోస్టర్లు వెతికాను, ఎక్కడా కనిపించలేదు. చివరికి అదీ టీవీలోనే చూశాం. ఆరోజు మా బాపమ్మ కూడా చూసింది.

బాపమ్మ గురించి కొంచెం చెప్పాలి. ఆమెది జనగామ దిక్కు ఊరు. చిన్నప్పుడే పెండ్లి చేసి పంపారు. అత్తింటివాళ్లు గడీకి వెట్టి చేసే కుటుంబం. గడీ అంటే దొర ఉండే కోట వంటి ఇల్లు. పొద్దుపొడవక ముందే పోయి వాకిలి ఊడ్చి అలుకు చల్లాలి, చేదబావి నుంచి నీళ్లు తోడి గోలాలు నింపాలి, వడ్లు దంచాలి, దొర ఇంట్లో ఎవరికి స్నానమంటే వాళ్లకు నీళ్లు కాగబెట్టాలి. కూలీ అన్న ఊసే లేదు. మిగిలిన అన్నమో, దసరాకు ఒక పాత చీరో. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి పేరు చరిత్ర పుస్తకాల్లో చదువుకున్నాం. ఆయనకు ఎదురు నిలిచి తన పంటను తానే ఇంటికి చేర్చుకున్న చాకలి ఐలమ్మది పాలకుర్తి. తెలంగాణ సాయుధ పోరాటంలో దొడ్డి కొమురయ్య 1946 జులై 4న తూటాకు పడిపోయింది కడవెండిలో. ఈ ఊళ్లన్నీ మా బాపమ్మ ఊరి నుంచి నడిచిపోయేంత దూరంలోవే. కానీ ఆమె ఎన్నడూ ఆ సంగతులు చెప్పేది కాదు. ఎవరైనా అడిగితే "గయ్యన్ని ఇప్పుడెందుకు బిడ్డా" అని చేతిలోని చాట చెరగడంలో పడిపోయేది. నాకు తెలిసి ఆమె అప్పటిదాకా చూసిన సినిమాలు రెండో మూడో, అవీ దేవుడి సినిమాలు.

'దాసి' కథ 1920ల నాటిది. కమలాక్షి అనే దాసీ గడీలో ఉంటుంది. దొరసానులు పెండ్లయి అత్తింటికి వస్తూ వెంట తెచ్చుకునే ఆడపిల్లలను ఆడబాపలు అనేవాళ్లు, ఆ బతుకు. పగలంతా చాకిరీ, రాత్రి దొర పిలిస్తే పోవాలి. ఆమెకు కడుపొస్తే దాన్ని ఉంచుకునే హక్కు కూడా ఆమెకు లేదు. గంటన్నర సినిమా. మాటలు చాలా తక్కువ. మామూలుగా సినిమాల్లో ఇలాంటి పాత్రకు ఒక పెద్ద ఏడుపు సీను, గోడకు తలబాదుకోవడం, దేవుణ్ణి నిలదీయడం ఉంటాయి. ఇక్కడ అవేవీ లేవు. అర్చన పని చేస్తూనే ఉంటుంది, మనం చూస్తూ ఉంటాం.

బాపమ్మ గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చుంది. మొదట్లో టీవీ దిక్కు సరిగా చూడనే లేదు. కాసేపటికి చాపిన కాళ్లు ముడుచుకుంది. ఇంకాసేపటికి నన్ను మోచేత్తో పొడిచింది.

"గా పిల్ల ఏ ఊరిదే?"

"మద్రాసుల ఉంటది బాపమ్మా, సినిమా ఆమె."

"కాదు. గా పిల్లకు పని దెలుసు."

ఆ మాటను ఆమె నాకు విడమరిచి చెప్పింది. పని రానివాళ్లకు చీపురు ఇస్తే ఊడ్చినట్టు చేస్తారట, ఈ పిల్ల ఊడుస్తోందట. పిలుపు వినబడగానే మెడ ముందు తిరగాలట, తర్వాత ఒళ్లు తిరగాలట, అది ఈ పిల్లకు ఎవరు నేర్పారో అని ఆశ్చర్యపోయింది. కొంగు ఎప్పుడు దోపుకోవాలి, ఎప్పుడు విప్పి భుజం మీదికి కప్పుకోవాలి, దొర ముందు చూపు ఎక్కడ ఉండాలి. నేను డిగ్రీలో చదివిన నాటక విమర్శ ఏదీ ఇంత వివరంగా లేదు. జ్యూరీవాళ్లు ఏం చూసి అవార్డు ఇచ్చారో నాకు తెలియదు గానీ, మా బాపమ్మ చూసింది మాత్రం ఇదే.

కడుపు తీయించే ఘట్టం దగ్గర గదిలో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. పోస్టాఫీసు సార్ లేచి టీవీ సౌండు తగ్గించబోయాడు, అప్పటికే అందులో పెద్దగా మాటలు లేకపోయినా. బాపమ్మ మాత్రం "గివి గూడ తీసిండ్రా సినిమాల" అంది. తిట్టినట్టూ లేదు, మెచ్చినట్టూ లేదు.

ఆ రాత్రి మొదలైంది ఆమె చెప్పడం. ఒక వరుస లేదు. అన్నం తింటూ ఒకటి, పడుకున్నాక ఒకటి. పసిపిల్ల తల్లి ఒకామెకు పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోతున్నా గోలెం నిండేదాకా ఇంటికి పోనివ్వలేదని చెప్పింది. గడీలో ఉండే ఒక ఆడబాప పండగనాడు దొరసాని ఇచ్చిన గాజులు వేసుకుని మురిసిపోయేదనీ, ఆమెను చూసి తమకు కోపం రావాలో జాలి పడాలో తెలిసేది కాదనీ చెప్పింది. ఆమె పేరు కూడా చెప్పింది, నేను ఇక్కడ రాయను. మా బాపు కూడా ఈ కథలు అప్పుడే మొదటిసారి విన్నాడు. కన్నకొడుకుకు నలభై ఏండ్లు దాటాక తెలిశాయి, అదీ ఒక సినిమా పుణ్యమా అని.

మా కాలేజీలో మాత్రం సినిమాకు అంత మంచి పేరు రాలేదు. వరంగల్‌లో ఆ రోజుల్లో విద్యార్థి సంఘాలు ఎంత గట్టిగా ఉండేవో అప్పుడు చదివినవాళ్లకు చెప్పనక్కర్లేదు. గోడ మీద రాతలు లేని వీధి ఉండేది కాదు. మా సీనియర్లు కొందరు 'దాసి'ని చీల్చి చెండాడారు. ఆ సాయుధ పోరాటం మీద 1980లో వచ్చిన 'మా భూమి' సినిమాను వాళ్లు ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. దాన్ని నిర్మించినవాళ్లలో ఈ నర్సింగరావు కూడా ఉన్నాడు, గద్దర్ తెర మీదే పాడాడు, జనం కర్రలు పట్టుకుని గడీ మీదికి పోయారు. అదే మనిషి ఇప్పుడు తిరుగుబాటు లేని సినిమా ఎందుకు తీశాడన్నది వాళ్ల ప్రశ్న. ఆ కమలాక్షి ఒక్కసారైనా తల ఎత్తి మాట్లాడొద్దా అన్నారు. తనూ భూస్వాముల ఇంట పుట్టినవాడే కదా అని దెప్పినవాళ్లూ ఉన్నారు. నేను ఇంటికొచ్చి బాపమ్మకు ఇదంతా చెప్పాను. ఆమె చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ వింది.

"ఎదురు తిరిగినోళ్ల పేర్లు అందరికి ఎరుకే. తిరగనోళ్లం శానమంది ఉంటిమి. మమ్ముల గూడ ఎవడో ఒకడు తియ్యాలె గద."

మర్నాడు క్యాంటీన్‌లో ఈ మాట చెబితే ఒక సీనియర్ చాయ్ గ్లాసు పట్టుకుని కాసేపు ఆలోచించి, "మీ బాపమ్మను మీటింగుకు తీసుకురా" అన్నాడు. ఆమె రాలేదు లెండి. ఇప్పుడు ఆలోచిస్తే ఇద్దరి మాటలోనూ పస ఉంది. 'మా భూమి' లేకపోతే 'దాసి' మీద అంత ఆశ ఎవరూ పెట్టుకునేవాళ్లు కారు. కానీ రెండింటిలో ఏదో ఒకటే ఉంచుకోమంటే నేను 'దాసి'నే ఉంచుకుంటా. పోరాటం గురించి పాటలున్నాయి, పుస్తకాలున్నాయి, స్తూపాలున్నాయి. గోలెం నింపిన చేతుల గురించి ఉన్నది చాలా కొంచెం.

వైకుంఠం గారి సంగతి ఇక్కడే చెప్పాలి. ఆయనది కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి, మా పక్క జిల్లా. ఆ నల్లటి తెలంగాణ ఆడవాళ్లు, నుదుటిన రూపాయంత బొట్టు, పచ్చా ఎరుపూ మండిపోయే చీరలు, ఆ బొమ్మలు ఇప్పుడు ఎవరికి తెలియవు! తర్వాత్తర్వాత హైదరాబాద్‌లో బాగా కలిగినవాళ్ల ఇండ్లకు పోతే హాల్లో గోడ మీద అవి కనిపించేవి. ఒరిజినల్ కాకపోతే ప్రింటు. ఒక ఇంట్లో సరిగ్గా ఆ బొమ్మ కింద సోఫాలో కూర్చుని వాళ్ల అబ్బాయికి సంబంధాలు చూస్తూ "పిల్ల తెల్లగా ఉండాలండీ, అదొక్కటే మా కండిషన్" అన్నారు. నేను పైన బొమ్మ వైపు చూశాను. వాళ్లు చూడలేదు.

నా పెండ్లిచూపులు కూడా ఆ రోజుల్లోనే. కాజీపేట నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి రైల్వేలో ఉద్యోగం. సర్వపిండి తిన్నారు, చాయ్ తాగారు, పోయేటప్పుడు మధ్యవర్తి మా అమ్మను పక్కకు పిలిచి "పిల్ల చక్కగ ఉన్నది గని, రంగే..." అని ఆపాడు. అమ్మ ఏం మాట్లాడాలో తెలియక నిలబడింది. బాపమ్మ అరుగు మీంచే అందుకుంది. "ఔ నాయనా, మా పిల్ల రంగే ఉన్న పిల్లను పిలిచి ఢిల్లీల మెడల్ ఇచ్చిండ్రు, ఒక్కపారి గాదు రెండుపార్లు. మీ ఇంటికి రాకుంటె దానికేం తక్కువ గాదు." ఆయనకు ఏం అర్థమైందో గానీ గబగబా చెప్పులు వేసుకున్నాడు. ఆ సంబంధం పోయిందని అమ్మ పదిహేను రోజులు బాపమ్మతో ముభావంగా ఉంది. నాకు మాత్రం ఆ రెండు వారాలూ నవ్వు ఆగలేదు. తర్వాత కుదిరిన సంబంధం మంచిదే, ఆయన ఈ కథ ఇప్పటికీ తన దోస్తులకు చెబుతుంటాడు.

ఇంకో సినిమా గురించి రాయకపోతే ఇది సగమే అవుతుంది. 'దాసి'కి అవార్డు వచ్చిన ఏడాదే ఉత్తమ చిత్రం బహుమతి షాజీ ఎన్. కరుణ్ తీసిన మలయాళ సినిమా 'పిరవి'కి వచ్చింది. అందులోనూ అర్చన ఉంది. ఇంజనీరింగ్ చదివే కొడుకు సెలవులకు ఇంటికి రావాలి, రాడు. ముసలి తండ్రి రోజూ బస్సు దగ్గరికి పోయి ఎదురుచూస్తాడు. ఆ తండ్రిగా చేసిన ప్రేమ్‌జీకి ఉత్తమ నటుడు అవార్డు ఇచ్చారు. అర్చనది అక్క పాత్ర. తమ్ముడిని పోలీసులు పట్టుకుపోయారని, ఇక రాడని తెలిసేది ఆమెకే, ఆ సంగతి తండ్రికి చెప్పలేక మోసేదీ ఆమెనే. ఎమర్జెన్సీలో కాలికట్ ఆర్ఈసీ, అంటే ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీ, విద్యార్థి రాజన్ మాయమైన ఉదంతం ఆ కథ వెనుక ఉంది.

ఆర్ఈసీ అన్న పేరు మా వరంగల్ వాళ్లకు వేరేగా వినబడుతుంది. మాకూ ఒకటి ఉండేది, 1959లో పెట్టింది, 2002 నుంచి దాని పేరు ఎన్ఐటీ. అక్కడ చదివిన సూరపనేని జనార్దన్ 1975లో ఎమర్జెన్సీ మొదలైన నెలరోజులకే గిరాయిపల్లి అడవిలో ఎన్‌కౌంటర్‌లో పోయాడు, ఇంకో ముగ్గురితో పాటు. ఆ తర్వాతి ఏండ్లలో కూడా మా దిక్కు ఎన్ని ఇండ్లలో కొడుకు ఎక్కడున్నాడో తెలియని తల్లులు ఉన్నారో. 'పిరవి' వేసిన ఆదివారం మా గల్లీ చివర ఉండే ఒకామె కూడా వచ్చి కూర్చుంది. ఆమె కొడుకు ఇల్లు విడిచి పోయి చాలా కాలమైంది. మలయాళం రాదు, కింద ఇంగ్లీషు రాదు, నేను చదివి చెప్పడం మధ్యలో ఆపేశాను. ఆమెకు అవసరం పడలేదు. సగంలో లేచి, పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చానని చెప్పి వెళ్లిపోయింది.

అర్చన ఆ రెండు మూడేండ్లలోనే ఎన్ని చేసిందో. 1989లో 'సంధ్యారాగం', మళ్లీ బాలు మహేంద్ర, మళ్లీ చొక్కలింగ భాగవతార్. ఇరుకింట్లోకి వచ్చి చేరిన ముసలాయనను చూసుకునే కోడలి కథ. 1990లో నర్సింగరావుతో 'మట్టి మనుషులు', ఊరు వదిలి పట్నానికి వచ్చి ఇండ్లు కట్టే కూలీల కథ. 'వీడు'లో ఇల్లు కట్టించిన మనిషి, ఇందులో ఇండ్లు కట్టే మనిషి. ఆ రెండు సినిమాలూ ఒక్కరోజు వెనకా ముందూ వేసి చూపిస్తే బాగుంటుందని నాకు ఎప్పటి నుంచో కోరిక. 1991లో కోడి రామకృష్ణ 'భారత్ బంద్' వచ్చింది. ఆ తర్వాత ఆమె మాకు కనిపించడం తగ్గిపోయింది. మాకు అనే అంటున్నా, ఎందుకంటే తమిళంలో అడపాదడపా చేస్తూనే ఉంది. 2007లో ఒక సినిమాలో ధనుష్‌కు తల్లిగా చేసింది, 2019లో రేవతి, ప్రకాశ్‌రాజ్‌లతో ఇంకోటి. రెండు జాతీయ అవార్డులు తెచ్చుకున్న మనిషికి తెలుగువాళ్లం చేతి నిండా పని ఇవ్వలేకపోయాం. కథలు లేవా అంటే లేకపోవడం ఏమిటి, మా జనగామ దిక్కు ఒక్క ఊరికి పోతే పది దొరుకుతాయి. పాత్ర అంటే పాట, కాస్ట్యూమ్, క్లోజప్ అనుకునే చోట గోలెం ఎవరు పెడతారు?

బాపమ్మ పోయి చాలా ఏండ్లైంది. చివరి రోజుల్లో కూడా టీవీలో ఏ నటి పని చేసినా పరీక్ష పెట్టేది. ఒక సీరియల్‌లో కోడలు బిందె ఎత్తుకుంటుంటే "అండ్ల నీళ్లు లెవ్వు" అని తేల్చేసింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరికీ సీరియల్ సరిగా ఎక్కలేదు.

మధ్యలో 2022లో 'చోర్ బజార్' అనే తెలుగు సినిమాలో అర్చన తల్లి పాత్రలో కనబడింది. 2025లో 'షష్టిపూర్తి' వచ్చింది. రాజేంద్రప్రసాద్, అర్చన జంట, ఇళయరాజా సంగీతం. 'లేడీస్ టైలర్' తర్వాత ఇన్నేండ్లకు మళ్లీ ఆ ఇద్దరినీ పక్కపక్కన చూపిస్తున్నారనగానే మా ఆయన టికెట్లు బుక్ చేశాడు. సినిమా సంగతి ఎలా ఉన్నా, ఆమె నడిచి వచ్చినప్పుడు నేను ముందు చూసింది చేతుల్నే. అలవాటైపోయింది. జుట్టు నెరిసింది, ముఖం కొంచెం నిండింది. ముఖానికి పూతలు అప్పుడూ లేవు, ఇప్పుడూ పెద్దగా కనబడలేదు. మా వెనుక వరుసలో కాలేజీ పిల్లలు "ఎవర్రా ఈమె, మస్తు చేస్తుంది" అనుకుంటున్నారు. వెనక్కి తిరిగి మొత్తం చెబుదామనుకున్నా. మా ఆయన చెయ్యి పట్టి ఆపాడు.

ఇంటికొచ్చి ఆ ఉత్సాహంలో హైదరాబాద్‌లో ఉండే మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. అది సాఫ్ట్‌వేర్, దానికి సినిమా అంటే ఫోన్‌లో ఒకటిన్నర స్పీడులో చూసేది. 'దాసి' సంగతి నా నోట చాలాసార్లు విన్నదే, ముత్తవ్వ కథ కూడా. "అమ్మా, అది ఒక్కదాన్నే ఉన్నప్పుడు చూడలేను, నువ్వొచ్చినప్పుడు చూద్దాం" అంది. సరే, అంతవరకు 'వీడు' చూడమన్నాను. వాళ్లు మియాపూర్ దిక్కు ఫ్లాటు కొన్నారు, నెలనెలా ఈఎంఐ పోతోంది, చేతికి రావాల్సిన ఇల్లు మాత్రం రెండు పండగలు దాటినా రాలేదు.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. సినిమా మధ్యలో ఆపి చేసింది.

"అమ్మా, ఇది ఎప్పటి సినిమా?"

"1988."

"మరి ఆ సంతకం కోసం తిరిగే సీను మొన్న మాకు జరిగిందే! ఆ అమ్మాయి టేబుల్ ముందు నిలబడి ఫైలు పట్టుకుంటది చూడు, నేను సేమ్ అట్లనే నిలబడ్డా."

"స్పీడు పెంచి చూస్తున్నవా?"

"లేదు, మామూలుగనే. ఇంతకీ ఇల్లు పూర్తవుతదా?"

"చూడు, నేను చెప్పను" అని ఫోన్ పెట్టేశాను.